క్వార్టర్స్ అద్దెకూ సొంత ఇంటికీ నడుమ: భీమవరంలో ఒక రైల్వే కుటుంబం కేసు

గోదావరి డెల్టా పట్టణాలలో ప్రభుత్వ ఇంట్లో అద్దెకు ఉండే అవకాశం సామాన్య కుటుంబానికి దాదాపు లేదు. రాష్ట్ర పట్టణ గృహ నిర్మాణ సంస్థ టిడ్కో కట్టించిన 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్ళయినా, 2020 డిసెంబరులో మొదలైన పంపిణీలో పట్టణంలో 1 సెంటు, గ్రామంలో 1.5 సెంటు చొప్పున ఇచ్చిన స్థలాలయినా లబ్ధిదారుకు సొంత హక్కుతో అందేవే తప్ప అద్దెకిచ్చేవి కావు. కేంద్రం 2020లో అద్దె గృహ సముదాయాల పథకాన్ని ప్రకటించింది. 2024 సెప్టెంబరులో మొదలైన ఆవాస్ యోజన రెండో దశలో అద్దె ఇళ్ళను ఒక విభాగంగా చేర్చింది. అయినా ఈ ప్రాంతంలో ప్రభుత్వ అద్దె ఇల్లు అనగానే గుర్తుకు వచ్చేది ఉద్యోగులకు కేటాయించే క్వార్టర్స్ మాత్రమే. తక్కువ ఆదాయంతో చేతిపనులు చేసుకునే కుటుంబాలకు కూడా అటువంటి అద్దె ఇల్లు దొరికే రోజు రావాలని నేను గట్టిగా కోరుకుంటాను. అంతవరకు క్వార్టర్సా, సొంత ఇల్లా అనే ప్రశ్న నా దగ్గరికి ఎక్కువగా ఉద్యోగుల నుంచే వస్తుంది.

నేను సివిల్ ఇంజనీరుగా పనిచేస్తూ, గృహ రుణాల కోసం స్థలాలకూ భవనాలకూ విలువ కట్టి నివేదికలు ఇస్తాను. ఈ కేసులోని కుటుంబాన్ని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. లెక్కలు మాత్రం మేము కాగితం మీద వేసుకున్నవే.

కుటుంబం, ప్రశ్న

2022 నవంబరు నాటికి ఆ రైల్వే ఉద్యోగికి 47 ఏళ్ళు. రైల్వేలో 1999లో చేరారు కాబట్టి పాత పింఛను, రైల్వే ప్రావిడెంట్ ఫండ్ (పీఎఫ్) వర్తిస్తాయి. 60 ఏళ్ళకు పదవీ విరమణ, అంటే ఇంకా 13 ఏళ్ళ సర్వీసు ఉంది. మూల వేతనం 62,200 రూపాయలు. భార్య ఇంటి దగ్గరే పిల్లలకు ట్యూషన్లు చెబుతారు. ఇంటర్ చదివే కుమారుడు, 74 ఏళ్ళ తల్లి వారితోనే ఉంటారు. భీమవరంలోని క్వార్టర్స్‌లో 18 ఏళ్ళుగా నివాసం. చేతిలో డిపాజిట్లు, పాడుకున్న చీటీ సొమ్ము కలిపి 14 లక్షలు ఉన్నాయి. భార్యకు పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన 50 సెంట్ల వరి పొలం ‘ఉండి’ అనే మండలంలో ఉంది.

ఆయన నన్ను అడిగింది ఒకే పని. ఊరికి 6 కిలోమీటర్ల దూరంలో కొత్తగా వేసిన ఒక లేఅవుట్‌లో 4 సెంట్ల ప్లాటును చూసి ధర సరైనదో కాదో చెప్పమన్నారు. ఆ ప్లాటు చూపించింది ఆయన బావమరిది. "బావగారూ, ఇప్పుడు తీసుకోకపోతే వచ్చే ఏడాదికి సెంటు ఏడు లక్షలవుద్ది, అప్పుడు మనం చేసేదేం ఉండదు" అని తొందరపెడుతున్నాడు. ఆయన భార్య ఆలోచన వేరే ఉంది. "పద్దెనిమిదేళ్ళ నుంచి ఒకే ఇంట్లో ఉన్నామండీ, గోడకి మేకు కొట్టాలన్నా మనది కాదు కదా అనిపిస్తుంది. ఈయన రిటైరైన రోజున సామాను ఎక్కడ దించుకోవాలో నాకు ఇప్పుడే తెలియాలి" అన్నారు. ఆయన మనసు మాత్రం క్వార్టర్స్ వైపే ఉంది. అద్దె లేదు, ఆఫీసు నడక దూరం, రైల్వే స్థలం మెరక మీద ఉండడం వల్ల ఎంత వాన పడినా గుమ్మంలోకి నీళ్ళు రావు.

ప్లాటు ధర చెప్పి పంపితే నా పని అయిపోయేది. అయితే ఆ ధర ఈ ప్రశ్నలో చిన్న భాగం. అందువల్ల ముందుగా క్వార్టర్స్‌కు వారు నిజంగా ఎంత చెల్లిస్తున్నారో, ఆ తరువాత ఆ నేల ఎంత ఖర్చు పెట్టిస్తుందో లెక్క వేద్దామన్నాను.

క్వార్టర్స్ అద్దె ఎంత

ఉచితం అనుకునే క్వార్టర్స్‌కు రెండు రకాల అద్దె ఉంటుంది. జీతంలో కోసే లైసెన్సు ఫీజు చిన్న మొత్తం. అసలు అద్దె ఉద్యోగి వదులుకునే ఇంటి అద్దె భత్యం. ఏడో వేతన సంఘం ప్రకారం భీమవరం వంటి జెడ్ తరగతి పట్టణాలలో అప్పట్లో ఆ భత్యం మూల వేతనంలో 9 శాతం. కరవు భత్యం 50 శాతానికి చేరాక 2024 జనవరి నుంచి 10 శాతమైంది. 2022లో ఆయన వదులుకుంటున్నది నెలకు 5,598 రూపాయలు. అదే వైశాల్యం గల ఇల్లు అదే ప్రాంతంలో ప్రైవేటు అద్దెకు తీసుకుంటే 9,500 దాకా అవుతుంది. భత్యం తీసుకుని బయట అద్దెకు ఉండేకంటే క్వార్టర్స్‌లో ఉండడం వల్ల నెలకు సుమారు 4,000 మిగులుతోందన్నమాట. పెద్ద నగరాలలో భత్యం శాతం ఎక్కువ కాబట్టి ఇంత స్పష్టంగా ఇలా చెప్పలేము. మన డెల్టా పట్టణాలలో మాత్రం భత్యం తక్కువ, అద్దెలు ఎక్కువ కావడంతో క్వార్టర్స్ నిస్సందేహంగా చవక.

అయితే ఆ 4,000 ఎక్కడికి పోయిందని అడిగినప్పుడు ఇద్దరూ కొంతసేపు మాట్లాడలేదు. ఇప్పటి అంతరాన్నే 18 ఏళ్ళకు గుణిస్తే 8 లక్షల 64 వేలు. ఆడపడుచు పెళ్ళి, తండ్రి వైద్యం, రెండు మోటారు సైకిళ్ళు, పండుగ ఖర్చులు ఇలా అది కరిగిపోయింది. ఆ ఖర్చులలో తప్పుబట్టవలసింది ఏమీ లేదు. అయినా, క్వార్టర్స్‌లో ఉండడం లాభమని చెప్పే ఏ లెక్క అయినా ఆ మిగులు ప్రతి నెలా వేరే ఖాతాలోకి పోతుందనే ఊహ మీదే నిలబడుతుంది. ఈ ఇంట్లో ఆ ఊహ నిజం కాలేదు.

క్వార్టర్స్‌కు మరో హద్దు గడువు. పదవీ విరమణ తరువాత సాధారణ అద్దెపై 4 నెలలు, చదువు లేదా అనారోగ్యం వంటి కారణం చూపితే ఎక్కువ అద్దెపై మరో 4 నెలలు ఉండనిస్తారు. ఆ పైన ఉంటే డ్యామేజ్ రెంట్ (జరిమానా అద్దె) వసూలు చేస్తారు, ఖాళీ చేసేదాకా గ్రాట్యుటీ నిలిపివేస్తారు. ఇల్లు కట్టుకోవడానికి గ్రాట్యుటీని నమ్ముకున్నవారు, ఆ ఇల్లు పూర్తికాక క్వార్టర్స్ ఖాళీ చేయలేక, ఖాళీ చేయక గ్రాట్యుటీ అందక చిక్కుకుపోవడం నేను చూశాను. 60 ఏళ్ళ వయసులో, సిమెంటు లోడు ఎప్పుడు వస్తుందో తెలియక ఎండలో నిలబడి ఇల్లు కట్టించుకోవడం ఎంత కష్టమో వారిని అడిగితే తెలుస్తుంది.

లేఅవుట్ నేల

ప్లాటు సెంటు 5 లక్షలు, 4 సెంట్లకు 20 లక్షలు. 1,000 చదరపు అడుగుల ఇల్లు అడుగుకు 1,900 చొప్పున 19 లక్షలు. మొత్తం 39 లక్షలని ఆయన చీటీ మీద రాసుకుని వచ్చారు.

ఆ లేఅవుట్ మొన్నమొన్నటి దాకా వరి చేను. దానికి ఒక పక్కన వనామీ రొయ్యల చెరువు ఉంది. ముందు రోడ్డు మట్టం కంటే ప్లాటు 4 అడుగులు పల్లంలో ఉంది. 4 సెంట్లంటే 1,742 చదరపు అడుగులు; 4 అడుగుల మెరకకు సుమారు 6,970 ఘనపుటడుగుల మట్టి కావాలి. తోలిన మట్టి అణిగిపోతుంది కాబట్టి పావు వంతు కలుపుకుంటే 8,700 దాటుతుంది, అంటే ట్రాక్టరుకు 100 ఘనపుటడుగుల లెక్కన 87 ట్రాక్టర్లు. దీనికి లక్షన్నర. ఇంతచేసినా కొత్తగా తోలిన మెరక కనీసం రెండు వానాకాలాలు చూడనిదే కుదురుకోదు. దాని మీద పునాది వేయకూడదు, దాన్ని దాటించి అసలు నేలలోకి వెళ్ళాలి. కింద ఉన్నది ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే బంకమట్టి. అటువంటి నేలలో అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున బల్బులా వెడల్పయ్యే కాంక్రీటు పునాది స్తంభాలు) వేయడం మామూలే. కానీ నీటిమట్టం నాలుగైదు అడుగుల లోతులోనే ఉన్నచోట బల్బు కోసం విప్పిన గుంత గోడలు జారిపోతాయి. అందుకని ఇక్కడ బల్బు లేని పైల్స్‌నే లోతుకు దించి, పైన వాటిని కలిపే గ్రేడ్ బీములు కట్టాలని లెక్కించాను. మామూలు పునాది కంటే దీనికి 2 లక్షలు అదనం.

నీటి సంగతి ఇంకా ముఖ్యం. అక్కడి బోరు నీటిని పరీక్షకు పంపితే క్లోరైడ్లు లీటరుకు 1,900 మిల్లీగ్రాములు వచ్చాయి. ఇనుము వేసే కాంక్రీటులో కలిపే నీటికి ఐఎస్ 456 అనే భారతీయ ప్రమాణం పెట్టిన పరిమితి 500. అటువంటి నీటితో శ్లాబు పోస్తే పదిహేను, ఇరవై ఏళ్ళలో ఊచలు తుప్పుపట్టి ఉబ్బి, కింది పెచ్చులు రాలిపోతాయి. తీరానికి దగ్గరి డెల్టా గ్రామాలలో 1990లలో కట్టిన ఎన్నో ఇళ్ళ పోర్టికోలు ఇలాగే పాడయ్యాయి. అక్కడ ఇల్లు కట్టాలంటే కలపడానికీ క్యూరింగ్‌కూ మంచినీటి ట్యాంకర్లే గతి. కట్టిన తరువాత కాపురానికి కూడా అదే సమస్య. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు భీమవరం పురపాలక సంఘం నిల్వ చెరువుల నుంచి నీరు ఇస్తుంది. ఆ లేఅవుట్‌కు పంచాయతీ కొళాయి ఇంకా రాలేదు. నీటి ఏర్పాటు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, కరెంటు లైను కలిపి 3 లక్షలు వేశాను.

రిజిస్ట్రేషన్‌కు స్టాంపు సుంకం 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము 1, మొత్తం 7.5 శాతం. 20 లక్షలకు లక్షన్నర. ఇవన్నీ కలిపితే 39 లక్షల ఇల్లు 47 లక్షలయింది. దస్తావేజులలోనూ ఒక లోపం కనిపించింది. గ్రామ పటంలో ఆ సర్వే నంబరు గుండా వెళ్ళే పంట బోదె (చేలకు నీరు పారే చిన్న కాలువ) లేఅవుట్ నక్షాలో లేదు. దాన్ని పూడ్చి అంతర్గత రోడ్డు వేశారు. దిగువ చేలకు ఆ బోదే ఆధారం. డెల్టాలో బోదె పూడ్చిన చోట ఏదో ఒక రోజు రైతు ఫిర్యాదు వస్తుంది, లేదా వాన నీరు తన పాత దారిలోనే ఇళ్ళ మధ్యకు వస్తుంది. వ్యవసాయేతర భూమిగా మార్చిన ఉత్తర్వు, లేఅవుట్ అనుమతి నంబరు రెండూ ఉన్నా, ఈ ఒక్క కారణం చాలు, ఆ ప్లాటుకు నేను అనుకూలంగా రాయలేదు.

భీమవరం వైపు ముంపు సాధారణంగా గోదావరి గట్టు తెగి వచ్చేది కాదని కూడా ఆయనకు వివరించాను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద గానీ, 2022 జూలైలో దాదాపు 25.8 లక్షల క్యూసెక్కులు వచ్చిన వరద గానీ ప్రధానంగా ఏటి మధ్య లంకలనూ ఏటిగట్లనూ పరీక్షించేవి. భీమవరం చుట్టుపక్కల భయం యనమదుర్రు వంటి మురుగు కాలువలతో. నేల వాలు లేని చోట తుఫాను వాన పడితే డ్రెయిన్ నీరు సముద్రం వైపు లాగక వెనక్కి తన్నుతుంది. అందువల్ల ఇక్కడ ఏ ఇల్లు కొనేవారైనా ఏటికి ఎంత దూరమని కాకుండా, చుట్టుపక్కల పాత ఇళ్ళలో 1996 నవంబరు తుఫాను నాడు నీరు ఏ మెట్టు దాకా వచ్చిందని అడగాలి. ముసలివారు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ చెయ్యి ఆనవాలు నా లెవలింగ్ పరికరం చెప్పే అంకెకు ఎన్నోసార్లు సరిపోయింది.

పట్టణంలోని పాత ఇల్లు

అదే నెలలో ఊరి లోపలి ఒక వీధిలో 3 సెంట్ల స్థలంలో ఉన్న పాత పెంకుటిల్లు అమ్మకానికి వచ్చింది. సెంటు 9 లక్షల 20 వేలు, మొత్తం 27 లక్షల 60 వేలు. కట్టడానికి విలువేమీ లేదు, కూల్చవలసిందే. కానీ వీధి మెరక, మున్సిపల్ కొళాయి ఉంది, ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు 30 ఏళ్ళకు సక్రమంగా ఉన్నాయి. 1996లో నీరు వీధిలోకి వచ్చినా అరుగు ఎక్కలేదని ఇరుగుపొరుగు చెప్పారు. రిజిస్ట్రేషన్ 2.07 లక్షలు, కూల్చివేత 50 వేలు, నిబంధనల ప్రకారం వదలవలసిన ఖాళీలు పోను 800 చదరపు అడుగుల ఇంటికి 15.2 లక్షలు, మెత్తటి నేలకు తగిన పునాదికి అదనంగా 1.2 లక్షలు, మిగిలినవాటికి లక్ష. మొత్తం 47 లక్షల 57 వేలు.

రెండు ఇళ్ళ ఖర్చులో తేడా 57 వేలే. లేఅవుట్‌లో 1,000 అడుగుల ఇల్లు వస్తుంది, ఇక్కడ 800. సెంటు ధర దాదాపు రెట్టింపు ఉన్న స్థలం, మెరకా పునాదీ నీరూ లెక్కలోకి వచ్చేసరికి దాదాపు అదే ఖర్చుకు దిగింది. డెల్టాలో సెంటు ధరను మాత్రమే పోల్చి స్థలం కొనేవారికి ఈ సంగతి గట్టిగా చెప్పవలసి ఉంటుంది, ఎందుకంటే లేఅవుట్ బ్రోచరులో 87 ట్రాక్టర్ల మట్టి ఉండదు.

38 లక్షలకు ఒక అపార్టుమెంటు ఫ్లాటును కూడా చూశాము. దానికి వచ్చే నేల వాటా 30 గజాలు. 74 ఏళ్ళ తల్లికి రెండో అంతస్తు, లిఫ్టు ఆగిన రోజున ఇబ్బంది. అంతకంటే ఎక్కువసేపు దాని గురించి ఆలోచించలేదు.

రుణం

కేంద్ర ఉద్యోగులకు ఇంటి కోసం ప్రభుత్వమే అప్పుగా ఇచ్చే హౌస్ బిల్డింగ్ అడ్వాన్సును ఆయన ఎన్నడూ పట్టించుకోలేదు. 2017లో సవరించిన నిబంధనల ప్రకారం 34 నెలల మూల వేతనం లేదా 25 లక్షలు, ఏది తక్కువైతే అంత వస్తుంది. ఆయనకు 21 లక్షల 14 వేల దాకా అర్హత. అప్పటి వడ్డీ 7.1 శాతం, అదీ సాధారణ వడ్డీ. మొదట అసలు గరిష్ఠంగా 180 వాయిదాలలో, తరువాత వడ్డీ 60 వాయిదాలలో జీతం నుంచి కోస్తారు.

ఆయన సర్వీసు 13 ఏళ్ళే కాబట్టి వాయిదాలు కుదించాము. 18 లక్షలను నెలకు 15,000 చొప్పున 120 నెలల్లో తీర్చితే, తగ్గుతూ వచ్చే నిల్వ మీద మొత్తం వడ్డీ 6 లక్షల 44 వేలు. దాన్ని తరువాతి 30 నెలల్లో నెలకు సుమారు 21,500 చొప్పున చెల్లిస్తే పదవీ విరమణకు ఆరు నెలల ముందే అప్పు తీరుతుంది. అదే 18 లక్షలను బ్యాంకు నుంచి 8.5 శాతానికి అవే 150 నెలలకు తెస్తే నెలసరి వాయిదా 19,522, మొత్తం వడ్డీ 11 లక్షల 28 వేలు. తేడా 4 లక్షల 84 వేలు. 2022 మే నుంచి రిజర్వు బ్యాంకు రెపో రేటు పెరుగుతూ ఉన్న కాలమది కాబట్టి, మారే వడ్డీ ఉన్న బ్యాంకు రుణం ఇంకా బరువయ్యే ప్రమాదం కూడా ఉంది.

ఇక ఇల్లు కొనకుండా క్వార్టర్స్‌లోనే ఉంటే ఏమవుతుందో కూడా అంతే నిజాయితీగా లెక్క వేశాను. 14 లక్షలు 7.1 శాతం చొప్పున 13 ఏళ్ళకు 34 లక్షలు దాటుతాయి. నెలకు 15,000 అదే రేటుకు దాచితే 38 లక్షలు దాటుతుంది. రెండూ కలిపి 72 లక్షలు, పొలం అలాగే ఉంటుంది. భూమి ధర ఏటా 6 శాతం, నిర్మాణ ఖర్చు 5 శాతం పెరుగుతాయనుకుంటే అప్పటికి అదే 800 అడుగుల ఇంటికి 97 లక్షల దాకా కావాలి. పొలం విలువ కూడా అదే 6 శాతం పెరుగుతుంది కనుక ఆ సొమ్ముతో ఇల్లు కొని కొంత మిగులుతుంది. భూమి 8 శాతం పెరిగితే లెక్క రెండు వైపులా సమానమవుతుంది. కొన్నవారికి తిరిగి వచ్చే ఇంటి అద్దె భత్యం ఇంటి పన్నుకూ బీమాకూ మరమ్మతులకూ సరిపోతుందనుకుని దాన్ని రెండు వైపులా వదిలేశాను.

అంటే డబ్బు లెక్కలో గెలుపు ఎటూ లేదు. కొనడమే లాభమని నేను చెప్పి ఉంటే అది అబద్ధమయ్యేది. క్వార్టర్స్ పక్షం నిలబడాలంటే 156 నెలల పాటు ఒక్క నెల కూడా తప్పకుండా 15,000 దాచాలి, 60 ఏళ్ళ వయసులో స్థలం వెతికి ఇల్లు కట్టించాలి, ఆ నాలుగు నెలల గడువులో చేరిపోవాలి. 18 ఏళ్ళ అనుభవం మొదటి షరతుకు వ్యతిరేకంగా ఉంది, తల్లి వయసు రెండోదానికి. జీతంలోనే కోతపడే అడ్వాన్సు ఈ కుటుంబానికి బలవంతపు పొదుపుగా పనిచేస్తుంది. ఈ కారణం వల్లనే నేను కొనమని సలహా ఇచ్చాను.

ఆమె పొలం

14 లక్షలకు తోడు పొలం అమ్మితేనే స్థలం కొనగలరు. ఎకరం 32 లక్షల లెక్కన 50 సెంట్లకు 16 లక్షలు వస్తాయి. ఆ పొలం మీద ఏటా వచ్చే కౌలు ఆమె చేతికి అందే ఏకైక స్వంత ఆదాయం, ట్యూషన్ల సొమ్ము ఇంటి ఖర్చులోనే కలిసిపోతుంది. ఈ విషయంలో నేను సలహాదారు హద్దు దాటి కొంచెం గట్టిగానే మాట్లాడాను. పసుపు కుంకుమ భూమి అమ్మి కొన్న ఇల్లు భర్త పేరున మాత్రమే ఉండడం మన జిల్లాలలో మామూలైపోయింది. తరువాత ఏ తగువు వచ్చినా, ఏ అనర్థం జరిగినా ఆమె పెట్టిన వాటాకు కాగితం మీద ఆధారం ఉండదు. అడ్వాన్సు నిబంధనలు భార్యాభర్తల ఉమ్మడి పేరును అనుమతిస్తాయి. దస్తావేజు ఇద్దరి పేరున రాయించండి, పొలం సొమ్ము ఆమె ఖాతా నుంచే అమ్మకందారుకు చెక్కుగా వెళ్ళాలి అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఆమె మాత్రం రెండు రోజులు ఆలోచించుకుని, తన అన్నతో కూడా మాట్లాడిన తరువాతే అమ్మకానికి సమ్మతించారు. అది సరైన పని. పురపాలక సంఘానికి 6 కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న గ్రామీణ వ్యవసాయ భూమి కనుక మూలధన లాభాల పన్ను కూడా పడలేదు.

స్థలానికీ రిజిస్ట్రేషన్‌కూ కలిపి 29 లక్షల 67 వేలు సొంత సొమ్ముతో తీరింది. అంచనా ప్రకారం 18 లక్షల అడ్వాన్సు నిర్మాణానికి సరిపోతుంది. పీఎఫ్‌ను ముట్టుకోవద్దన్నాను, అప్పట్లో దానికి వచ్చే వడ్డీ కూడా 7.1 శాతమే. అడ్వాన్సు మీద కట్టేది సాధారణ వడ్డీ, పీఎఫ్ మీద వచ్చేది ఏటా అసలులో కలిసే వడ్డీ.

నిర్మాణం

కాలువలు కట్టేశాక నీటిమట్టం దిగుతుంది కాబట్టి పునాది తవ్వకం 2023 మే నెలలో పెట్టించాను. గుంతలో ఊట ఉన్నా ఒక మోటారుతో అదుపయింది; అదే ఆగస్టులో అయితే రాత్రింబగళ్ళు తోడవలసి వచ్చేది. ఇసుక పరుపు మీద రాఫ్ట్ (ఇంటి అడుగంతా పరచే ఒకే కాంక్రీటు పలక) వేశాము. ఉప్పు గాలి తగిలే ప్రాంతమని ఎం30 కాంక్రీటు, ఊచలకు ప్రమాణం కోరినంత కవరు (ఊచను కప్పే కాంక్రీటు మందం). తాపీ మేస్త్రి కవరు దిమ్మెలు అరంగుళానివి తెస్తే వాటిని వాడనివ్వలేదు. ఈ విషయంలో ఇంటి యజమాని దగ్గరుండి చూసుకోవాలి, ఇంజనీరు ప్రతి గంటా ఉండలేడు.

ప్లింతు (ఇంటి గచ్చు కిందిదాకా లేపే అరుగు కట్టు) ఎత్తు దగ్గర ఒక నిర్ణయం మార్చుకున్నాము. ఆ వీధిలో సిమెంటు రోడ్డును పాతదాని మీదే మళ్ళీ వేస్తున్నారు. వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరిగి, ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్ళిన ఇళ్ళు ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్ళేలా అయ్యాయి. అందుకని ముందు అనుకున్నదానికంటే ప్లింతును 9 అంగుళాలు పెంచాము. దీనివల్లా, మధ్యలో ఇనుము ధర పెరగడం వల్లా నిర్మాణం 19 లక్షల 30 వేలకు చేరింది. అంచనా కంటే లక్షా 40 వేలు ఎక్కువ. తక్కువపడిన సొమ్మును పీఎఫ్ నుంచి తీయక తప్పలేదు. నిర్మాణం సాగినంతకాలం క్వార్టర్స్‌లోనే ఉండడం వల్ల బయటి అద్దె, కోత రెండూ ఒకేసారి మీద పడలేదు. క్వార్టర్స్ వల్ల ఆ కుటుంబానికి కలిగిన అతిపెద్ద మేలు బహుశా ఆ తొమ్మిది నెలలే.

2024 మాఘ మాసంలో గృహప్రవేశం చేసి క్వార్టర్స్ అప్పగించారు. అప్పటికి మూల వేతనం 64,100, భత్యం 10 శాతం కావడంతో నెలకు 6,410 జీతంలోకి తిరిగి వచ్చింది. అడ్వాన్సు నిబంధన ప్రకారం అగ్ని, పిడుగు, వరదలకు ఇంటి బీమా తప్పనిసరి. వరద మాట పాలసీలో స్పష్టంగా ఉందో లేదో చదివి చూడమన్నాను, ఉంది. ఇంటి వైశాల్యం తగ్గిందని కుమారుడికి కొంత అసంతృప్తి ఉంది. చదువుకోవడానికి విడి గది లేదు. మీద మరో గది వేసుకునేందుకు కాలమ్ ఊచలు వదిలాము. గాలికి తుప్పు పట్టకుండా వాటికి సిమెంటు పూత పూసి కప్పించాను.

ఆయన సహోద్యోగి కేసు

ఆ ఇంటిని చూసి, అదే కార్యాలయంలో పనిచేసే 34 ఏళ్ళ యువకుడు తనకూ ఇలాగే చేసిపెట్టమని వచ్చాడు. 20 ఏళ్ళ బ్యాంకు రుణంతో పైన చెప్పిన లేఅవుట్‌లోనే ప్లాటు కొనాలని అతని ఉద్దేశం. ఆయనకు చెప్పినది ఇతనికి చెప్పలేదు. 26 ఏళ్ళ సర్వీసు ఉంది, బదిలీలు తప్పవు, 2004 తరువాత చేరినందున పాత పింఛను కాక ఎన్‌పీఎస్, పుట్టింటి పొలం వంటి ఆధారం లేదు. ఇప్పుడు కొంటే రెండు మూడేళ్ళలో బదిలీ అయి, కట్టిన ఇంటిని అద్దెకిచ్చి మరో ఊళ్ళో మళ్ళీ క్వార్టర్స్ అడగవలసి వస్తుంది. సొంత ఇల్లు ఉన్నప్పుడు కేటాయింపు షరతులు ఎలా ఉంటాయో ముందుగా తన కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలుసుకోమన్నాను.

అతనికి ఇచ్చిన సలహా క్వార్టర్స్‌లోనే ఉండమని. ఒక షరతు మాత్రం పెట్టాను. బయటి అద్దెకూ తాను వదులుకునే భత్యానికీ ఉన్న తేడాను జీతం పడిన రోజే వేరే ఖాతాకు బదిలీ అయ్యేలా బ్యాంకులో ఆదేశం ఇవ్వాలి, ఏడాదికి ఒకసారి ఆ ఖాతా పుస్తకం నాకు చూపించాలి. మూల వేతనం పెరిగి, అడ్వాన్సు అర్హత 20 లక్షలు దాటి, ఆ ఖాతాలో స్థలం ధరలో సగమైనా చేరినప్పుడు మళ్ళీ కూర్చుని, ఏ ఊళ్ళో స్థిరపడాలో, ఆ ఊళ్ళో మెరక వీధులు ఏవో చూద్దామన్నాను. మొదటి ఏడాది పుస్తకం తెచ్చాడు. పన్నెండు బదిలీలూ ఉన్నాయి.